ఆదివారం దండెం

“దించకండి! అలాగే ఉంచండి, ఒక్క నిమిషం!”

పెరట్లోంచి చిన్నకోడలు పెట్టిన కేకకి మేడమీదున్న భర్త ఉలిక్కిపడ్డాడు. తెర జారిపోకుండా పిట్టగోడ మీద పెట్టిన ఇటుకల్లో ఒకటి కదిలింది. దాన్ని మోచేత్తో అదిమిపట్టి కిందికి తొంగిచూశాడు.

“ఏమైంది? పొట్టయిందా?”

“పొట్టవలేదు.”

“పొడుగా?”

“అబ్బ, ఆగండీ!”

కొలతల్లో తేడా ఏమీ లేదు. పదహారడుగుల పొడుగు, తొమ్మిది పన్నాల వెడల్పు, అంటే తొమ్మిది నిలువు ముక్కలు పక్కపక్కన అతికినంత. నాటకాల హాలు వేదికకి కుడి సగం తెర, పిట్టగోడ మీంచి పెరట్లో పరిచిన దుప్పటి దాకా నిండుగా దిగింది. ముదురాకుపచ్చ వెల్వెట్. గురువారం మధ్యాహ్నం రెండున్నర ఎండ దాని మీద సూటిగా పడుతోంది.

ఆ ఎండే కొంప ముంచింది. గదిలో ట్యూబ్‌లైటు కింద గుట్టగా పడున్నప్పుడు ఒకే రంగులా ఉన్న గుడ్డ, వెలుతురులో వేలాడేసరికి చారలు తేలింది. రెండో పన్నా నలుపు. అయిదూ ఆరూ నలుపు. ఎనిమిదోది నలుపు. మిగిలినవి పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

చిన్నకోడలు దగ్గరకెళ్లి మొదటి పన్నా మీద పైనుంచి కిందికి చెయ్యి నిమిరింది. నున్నగా జారింది. రెండోదాని మీద నిమిరింది. అరచేతికి గరగరమని అడ్డం తగిలింది.

వెల్వెట్‌కి నూగు ఉంటుంది, ఒక వైపుకి వాలి పడుకునే సన్నటి పోగులు. అన్ని పన్నాల్లోనూ నూగు ఒకే వైపు తిరగాలి. తిరగకపోతే, ఒకే తానులో గుడ్డ అయినా సరే, ఒకటి తూర్పు అంటే ఒకటి పడమర అంటుంది. కుట్టుపని చేసేవాళ్లకి ఇది ఓనమాలతో సమానం. ఆ సంగతి చిన్నకోడలికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. ఈ వారం మాత్రం గుర్తులేదు.

భర్త మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడాయన. పొద్దుటి డ్యూటీ దిగి ఇంకా ఖాకీ చొక్కా అయినా విప్పలేదు. ఇంట్లో అతన్ని చిన్నోడనే అంటారు, నెత్తిన నెరిసిన వెంట్రుకలు ఎన్నున్నా.

“బాగుందే! చారలు కూడా వేశావా?” అన్నాడు మెచ్చుకోలుగా.

చిన్నకోడలు అతన్ని చూసిన చూపుకి ఆ మెచ్చుకోలు గొంతులోనే ఆగిపోయింది.

“సోమవారం నేను కోసిచ్చిన ముక్కలు మంచం మీద ఎలా పేర్చారు?”

“ఎలా అంటే? ఒకదాని మీద ఒకటి.”

“పైకొస పైకే పెట్టారా?”

“గుడ్డకి పైకొస కూడా ఉంటుందా?”

తప్పు అతనిది కాదు. ఇంట్లో బల్ల ఆరడుగులది. దాని మీద పదహారడుగుల గుడ్డ మడతలు మడతలుగా వేసి కోయాల్సొచ్చింది. కోసిన ప్రతి ముక్కకీ పైకొసన సుద్దతో ఒక్క బాణం గుర్తు గీసుకుంటే సరిపోయేది. ఆ పని ఆమెది. ఆ రోజు ఆమె జేబులో ఉన్న చీటీ మీద “పద్దెనిమిది పన్నాలు కోయాలి” అని ఉంది. అంతే ఉంది. ఆమె అంతే చేసింది.

బాణం అనుకోగానే చిన్నకోడలికి ఏదో గుర్తొచ్చింది. గబగబా ముందుగదిలోకి నడిచింది.

*

ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఏడు దండేలు కట్టి ఉన్నాయి. బట్టలు ఆరేసే దండేలే. వాటి మీద మాత్రం బట్టలుండవు, క్లిప్పులకి వేలాడే చీటీలుంటాయి. ఒక్కో రోజుకి ఒక్కో దండెం. ఏ రోజు పని ఆ రోజు దండెం మీంచి తీసుకోవాలి. ఏప్రాన్ జేబులో ఒక్క చీటీయే ఉండాలి. అది అయిపోయి బిస్కెట్ల డబ్బాలో పడితేగానీ ఇంకోదాని మీద చెయ్యి వేయకూడదు. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా చీటీ రాసి తగిలించాలే తప్ప, ఆమె మిషను మీదుండగా వచ్చి పిలవకూడదు.

అంత కచ్చితం ఊరికే రాలేదు. పోయిన నెల బడి కిటికీలకి పన్నెండు తెరలు కుడుతూ, పొయ్యి మీద పాలు, గుమ్మంలో మనిషి, చెవి దగ్గర ఫోను, అన్నీ ఒకేసారి చూడబోయి, పన్నెండింటినీ జానెడు పొట్టిగా కుట్టిపెట్టింది. “ఏమ్మా, పిల్లలు మోకాళ్ల దాకా తెరలు కట్టుకుని చదువుకుంటారా?” అని బావగారు ఇంటికొచ్చి మరీ నవ్వి వెళ్లారు. ఆ నవ్వు ఆమెకి ఇంకా చెవుల్లోనే ఉంది.

ఏడో దండెం ఆదివారానిది. ఇప్పుడు కుదరనివన్నీ దాని మీదకి పోతాయి. భర్త రాసిన “చొక్కా బొత్తాం” చీటీ మూడు వారాలుగా అక్కడే ఉంది. పాపం ఆయన పిన్నీసు పెట్టుకుని బస్సు నడుపుతున్నాడు.

ఆ చీటీ పక్కనే ఒక ఆకుపచ్చ వెల్వెట్ ముక్క, వేలెడంతది, క్లిప్పుకి వేలాడుతోంది. దాని మీద తెల్ల సుద్దతో ఒక బాణం గుర్తు. మొన పైకి.

సోమవారం పొద్దున్న అత్తగారు ఆ ముక్కని సోమవారం దండెం మీద తగిలించారు. చిన్నకోడలు చూసింది. చీటీ రాయమంటే వెటకారానికి గుడ్డపీలిక తగిలించారని మనసులో గింజుకుంది. చేతిలోకి తీసుకుని చూడనైనా చూడకుండా ఆదివారానికి తోసేసింది. నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి, ఏ కొలతా కాగితం మీద పెట్టకుండా సుద్దగీతలతోనే ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి, తనకొచ్చిన భాషలో చీటీ రాశారని తోచలేదు.

అప్పటి నుంచీ అత్తగారు ఆమెతో మాట్లాడలేదు. నాలుగు రోజులు. రెండడుగుల దూరంలో కూర్చుని కూడా, “చిన్నోడా, మీ ఆవిడకి చెప్పు, టీ చల్లారిపోతోందని” అంటారు. చిన్నోడు ఇటు తిరిగి, “టీ చల్లారిపోతోందిట” అంటాడు. పని హడావుడిలో చిన్నకోడలికి ఆ మౌనం కూడా హాయిగానే అనిపించింది. సిగ్గు లేకపోతే సరి!

ఫోను మోగింది. భర్త తీశాడు. హాలు మేనేజరు.

“ఆ... ఆ... కుట్టేస్తున్నారండీ. దాదాపు అయిపోయిందండీ.” అబద్ధం చెప్పడం చేతకాక చిన్నోడికి చెవులు ఎర్రబడ్డాయి. ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. “శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి తెర వేదిక మీదుండాలిట. లేకపోతే సాయంత్రం నాటకం పాత తెరతోనే కానిచ్చేస్తాడట.”

పాత తెర ఎక్కితే ఆమె పని అంతటితో సరి. సందు మొగలో మూతపడి ఉన్న అత్తగారి కుట్టు షాపు గురించి ఇక కలలు కూడా కనక్కర్లేదు. ఆ షాపులో పద్దెనిమిదడుగుల కోత బల్ల ఉంది. ఉత్తరం కిటికీ ఉంది. అది ఉంటే ఈ వారం ఈ అగచాట్లే లేవు. దాన్ని మందుల షాపతనికి అద్దెకిచ్చేద్దామని బావగారు కాగితాలు పట్టుకు తిరుగుతున్నారు. “శనివారం ఈ పిల్ల కుట్టిన తెర లేస్తే షాపు తాళంచెవి ఈ పిల్లకే. లేవకపోతే నీ ఇష్టం పెద్దోడా” అని పోయిన వారం అత్తగారు అందరి ముందూ తేల్చేశారు.

“ఎన్ని తలకిందులయ్యాయి?” అన్నాడు భర్త.

“ఇటు నాలుగు. మీరు ఫోన్లో ఉండగా అటు సగం కూడా నిమిరి చూశాను. మూడు.”

“కొత్త గుడ్డ?”

“తాను అయిపోయింది. మళ్లీ తెప్పించినా ఈ రంగే రాదు.”

చిన్నకోడలు వెల్వెట్ ముక్కని క్లిప్పులోంచి తీసి గుప్పిట్లో పట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది వ్యవహారం. అయినా కాలిన చేతులకి ఆకులైనా కావాలి కదా.

*

వెనకగదిలో అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ కిటికీలోంచి పెరట్లో వేలాడే చారల తెర కనిపిస్తూనే ఉంది.

“అత్తయ్యా.”

అత్తగారు ఇటు తిరగలేదు.

“అత్తయ్యా, నూగు తిరగబడింది.”

“చిన్నోడా!” అన్నారు అత్తగారు. “ఎవరో మాట్లాడుతున్నారు. చీటీ రాశారేమో కనుక్కో.”

గుమ్మంలో నిలబడ్డ చిన్నోడు భార్య వైపు తిరిగి, “చీటీ...” అనబోయి, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

చిన్నకోడలు వెనక్కెళ్లింది. చీటీ తీసి రాసింది. “అత్తయ్యా, తప్పు నాదే. మీ ముక్క చూసి కూడా చూడలేదు. మీరు రాకపోతే నా వల్ల కాదు.” రాస్తుంటే కళ్లనీళ్లు తిరిగాయి. వాటికి టైము లేదని మోచేత్తో తుడుచుకుని, గురువారం దండెం మీద తగిలించింది.

అత్తగారు లేచారు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేవడానికొక నిమిషం. కళ్లజోడు వెతకడానికొక నిమిషం. దండెం దగ్గరకొచ్చి చీటీ చదవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. కావాలనే నిదానంగా చదువుతున్నారని ముగ్గురికీ తెలుసు.

చదివి, చీటీని ఊడదీశారు. నాలుగడుగులు వేసి ఆదివారం దండెం మీద, బొత్తాం చీటీ పక్కన తగిలించారు.

చిన్నకోడలు పెన్ను మూత పెట్టేసింది.

“తప్పొప్పుల లెక్కలు ఆదివారం చూసుకుందాం” అన్నారు అత్తగారు. “ముందు ఆ బ్లేడు ఇలా తే.”

చిన్నకోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వంగి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది.

“చెయ్యి కాదమ్మాయ్, బ్లేడు!”

బ్లేడు వచ్చింది. అత్తగారు దాన్ని సగానికి విరిచి, ఒక కొసని సీసా బిరడాలో గుచ్చి పిడిలా చేసుకున్నారు. తెరని గదంతా పరిపించి, మూడో కన్ను ఉన్నట్టు అతుకుల మీద వేళ్లు నడిపించుకుంటూ పోయారు.

“పద్నాలుగు అతుకులు విప్పాలి కదా” అంది చిన్నకోడలు. “ఒక్కో పన్నాకి రెండు వైపులా...”

“ఏం లెక్క నీది? అయిదూ ఆరూ రెండూ తలకిందులే. కలిసి పుట్టిన కవలల్ని విడదీస్తావా? జంటగానే తిప్పు. అటు సగంలో తిరగబడ్డవాటిలో మొదటి పన్నా కూడా ఉంది, దానికి అంచు వైపు అతుకే లేదాయె. మొత్తం పదకొండు.”

పదకొండు! చిన్నకోడలికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పదకొండు అతుకులు విప్పడం, ఆవిరి పట్టడం, మళ్లీ కుట్టడం. పైపట్టీ, రింగులు. కింది అంచు. గురువారం మూడు నుంచి శనివారం పది దాకా. అవుతుంది. కచ్చితంగా అవుతుంది! కాగితాలు తీసి గబగబా చింపసాగింది.

“ఏం చేస్తున్నావ్?”

“అతుక్కొక చీటీ రాస్తున్నానత్తయ్యా.”

“నువ్వు చీటీలు రాసేలోపు నేను రెండు అతుకులు విప్పేస్తాను.”

“విప్పండి. మీ రెండూ అయ్యాక మూడోది ఏదో మీకెవరు చెప్తారు?”

“నా బుర్ర చెప్తుంది.”

“నా బుర్ర చెప్పకే కదా ఇక్కడిదాకా వచ్చాం!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నోడు మెల్లగా టీ పెట్టడానికి లేచాడు. ఇలాంటప్పుడు వంటగదిలో ఉండడమే మగవాడికి క్షేమం.

“సరే రాయి” అన్నారు చివరికి అత్తగారు. “పెద్దక్షరాలతో రాయి, నాకు కనబడేట్టు. ప్రతి చీటీ మీదా ఓ బాణం గీయి.”

ఆమె గీసింది. అత్తగారు చేతిలో బ్లేడు ఆడిస్తూ ఏదో చెప్పబోయి ఆగారు.

“నీకు ఇంకోటి చెప్పాలమ్మాయ్.”

“చెప్పండి.”

అత్తగారు చేతిలో బ్లేడు కింద పెట్టారు. కోడలి ఏప్రాన్ జేబు వైపు చూశారు. అందులో మొదటి అతుకు చీటీ ఉంది.

“ఇప్పుడొద్దులే. జేబులో ఒకటుండగా ఇంకోటి పెట్టకూడదన్నావుగా.”

*

ఆ తర్వాత ఆ ఇంట్లో నడిచింది పని కాదు, పరుగుపందెం.

అత్తగారు ఒక వైపు దారంలో ప్రతి అయిదో కుట్టూ తెంపుకుంటూ పోతారు. రెండో వైపు నుంచి చిన్నోడు దారం కొస పట్టుకుని లాగుతాడు. సర్రుమని మూరెడు దారం ఊడొస్తుంది. మొదటిసారి ఊడొచ్చినప్పుడు అతను లాటరీ తగిలినట్టు కేక పెట్టాడు. “మెల్లగా! నీ బస్సు గేరు కాదది” అని తల్లి అతని చేతి మీద ఒకటి వేశారు.

విప్పిన పన్నాని చిన్నకోడలు తిప్పుతుంది, నిమిరి చూస్తుంది, పైకొసకి సుద్దతో బాణం గీస్తుంది. వెనక నుంచి ఆవిరి పడితే అణిగిన నూగు మళ్లీ లేచి నిలబడుతుంది. పాత సూది బెజ్జాలు అతుకు లోపలే ఉండిపోతాయి. మళ్లీ కుట్టు అదే గీత మీద పడాలి, వెంట్రుకవాసి ఇటు రాకూడదు. పదహారడుగుల గీత. మిషను మీద వంగితే ఆమెకి గది లేదు, వీధి లేదు. సూది, గీత, అంతే.

అతుకు పూర్తయ్యాక చీటీ డబ్బాలో వేయడం మొదట ఆమె పనే. మూడో అతుకు దగ్గర అత్తగారు చెయ్యి చాపారు.

“నేను వేస్తాను.”

నాలుగోది కూడా ఆవిడే వేశారు. చీటీలంటే మండిపడ్డ మనిషి, అయిదోది అయ్యేసరికి దండెం మీద ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఏడోది రాత్రి భోజనాల వేళకి డబ్బాలో పడింది. ఇంక చాలంది చిన్నకోడలు. అలసిన చేత్తో కుడితే పొద్దున్న మళ్లీ విప్పుకోవడమే. అత్తగారు ఒప్పుకోలేదు. చిన్నకోడలు లైటు తీసేసింది. చీకట్లో ఇద్దరూ అయిదు నిమిషాలు పోట్లాడుకుని పడుకున్నారు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి బావగారు వచ్చారు. ఇస్త్రీ నలగని చొక్కా, చంకలో తోలు సంచీ. గుమ్మంలోనే నిలబడి, గదంతా పరుచుకున్న విప్పిన తెరని చూశారు. ముఖం చేటంత అయింది.

“ఏమ్మా, కుడుతున్నారా, విప్పుతున్నారా?”

“రెండూనండీ బావగారూ” అంది చిన్నకోడలు మిషను ఆపకుండా.

“అమ్మా, నువ్వు కూడానా? మోకాళ్లు నొప్పులన్నావుగా?”

“కుట్లు విప్పేది మోకాళ్లతో కాదురా పెద్దోడా.”

బావగారు గొంతు సవరించుకున్నారు. “షాపు తాళంచెవి ఓసారి ఇవ్వమ్మా. లోపల కొలతలు చూసుకోవాలి.”

మిషను చప్పుడు ఒక్క క్షణం తడబడింది.

అత్తగారు తలెత్తలేదు. “చీటీ రాయి.”

“ఏంటీ?”

“ఈ ఇంట్లో ఎవరికేం కావాలన్నా చీటీ రాసి తగిలించాలి. మా కోడలి రూలు. అదిగో కాగితాలు, అదిగో పెన్ను.”

బావగారు తమ్ముడి వైపు చూశారు. డ్యూటీకి సెలవు పెట్టి దారం లాగుతున్న చిన్నోడు, “నా బొత్తామే మూడు వారాల నుంచి ఉందన్నయ్యా అక్కడ” అన్నాడు, పిన్నీసు చూపించి.

నవ్వాలో కోప్పడాలో తెలియక బావగారు చీటీ రాశారు. “తాళంచెవి.” అత్తగారు లేచి దాన్ని అందుకుని, తాపీగా నడిచి, ఆదివారం దండెం మీద తగిలించారు.

చిన్నకోడలికి లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. నాలుగు రోజుల కిందట తను చులకనగా వాడిన దండెం ఇవాళ తనకి కోటగోడయింది. అత్తయ్య నా వైపు! ఆ ఒక్క మాట ఆమెకి మిషను మోటారు కన్నా జోరిచ్చింది.

బావగారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, మెత్తగా అన్నారు. “పోన్లే అమ్మా. కావాల్సినదాంట్లో సగం నా దగ్గరే ఉందిగా.”

ఏ సగం? అని చిన్నకోడలు అడగబోయింది. అత్తగారి చేతిలో బ్లేడు ఆగిపోవడం కూడా చూసింది. జేబులో ఎనిమిదో అతుకు చీటీ ఉంది. సూది కింద గీత ఉంది. అడగాల్సింది తర్వాత అడుగుదాంలే అనుకుని, మిషను పెడలు నొక్కింది.

ఎనిమిది. తొమ్మిది. పదోదాని మధ్యలో సూది విరిగింది. విరిగిన ముక్క దొరికేదాకా ముగ్గురూ నేల మీద పాకారు. చిన్నోడి సాక్సులో దొరికింది. పదకొండు! చివరి చీటీ డబ్బాలో పడగానే అత్తగారు మూత బిగించి, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి చూశారు.

పైపట్టీ, రింగులు, కింది అంచు. సాయంత్రం అయిదున్నరకి, ఎండ ఇంకా ఉండగానే, తెర మళ్లీ పిట్టగోడ ఎక్కింది. ముందు కుడి సగం, పక్కనే ఎడమ సగం.

చిన్నకోడలు పెరట్లో కళ్లు మూసుకుని నిలబడింది.

“చూడవే పిచ్చిమొహమా” అన్నారు అత్తగారు.

కళ్లు తెరిచింది. ఇటు కొస నుంచి అటు కొస దాకా ఒకే పచ్చ. ఒక్క చార లేదు. గాలికి తెర నిదానంగా ఉబ్బి సర్దుకుంది. చిన్నకోడలు ఎగిరి గంతేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, నిజంగానే రెండు కాళ్లతో ఎగిరింది. మేడమీంచి చిన్నోడు ఈల వేశాడు. అత్తగారు తెర దగ్గరకెళ్లి, పద్దెనిమిది పన్నాల మీదా వరసగా చెయ్యి నిమురుకుంటూ నడిచారు.

“పన్నెండింటికి పాత తెర అన్నాడా మేనేజరు? రమ్మను! నేనూ వస్తాను రేపు. ఎవరు ఆపుతారో చూస్తాను” అన్నారు.

ఆ సంబరంలో చిన్నకోడలు ఒక్కటి గమనించలేదు. నవ్వుతున్నంతసేపూ ఆవిడ కోడలి కళ్లలోకి చూడలేదు.

*

శనివారం తొమ్మిదిన్నరకే వ్యాను వచ్చింది. మడతలు పడకుండా తెరని పొడుగాటి గొట్టానికి చుట్టి ఎక్కించారు. రింగుల డబ్బా ఒళ్లో పెట్టుకుని అత్తగారు అందరికన్నా ముందెళ్లి ముందు సీట్లో కూర్చున్నారు.

“ఇంకా ఏం చేస్తున్నావ్? రా!” వీధిలోంచి భర్త పిలిచాడు. అతని చొక్కాకి కొత్త బొత్తాం తళతళలాడుతోంది. పొద్దున్నే ఎవరు కుట్టారో అడిగే తీరిక ఎవరికీ లేదు.

“వచ్చేశా, వచ్చేశా!”

చిన్నకోడలు శనివారం దండెం దగ్గరకి పరిగెత్తింది. దాని మీద ఒకటే చీటీ ఉండాలి. “తెర ఎక్కించాలి.” రాత్రి పడుకోబోయే ముందు తనే చూసుకుంది. దాన్ని లాగి జేబులో పెట్టుకుని వెనక్కి తిరగబోయింది.

దాని వెనక ఇంకో క్లిప్పుంది.

క్లిప్పుకి ఒక తాళంచెవి వేలాడుతోంది. ఇత్తడిది, అరిగి నున్నబడింది. దానికి తగిలించి ఒక కాగితం. జీవితంలో ఏ కొలతా రాసుకోని మనిషి, పెద్దపెద్ద అక్షరాలతో, వంకర్లు తిరిగిపోతూ రాసిన చీటీ.

“అమ్మాయ్, నా గుడ్డముక్కని నువ్వు చూడను కూడా లేదన్న కోపంలో, మంగళవారం నాడు పెద్దోడి కాగితం మీద సంతకం పెట్టేశాను. ఇవాళ పన్నెండింటికి మందుల షాపతను సామాన్లతో వస్తాడు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. నోటితో చెప్పలేకపోయాను.”

చిన్నకోడలు రెండుసార్లు చదివింది. పన్నెండింటికి తెర. పన్నెండింటికే షాపు. హాలు ఊరికి ఆ చివర, షాపు సందుకి ఈ చివర. ఏ సగమో ఇప్పుడు తెలిసింది.

వీధిలో వ్యాను హారన్ కొట్టింది. కిటికీలోంచి చూస్తే ముందు సీట్లో అత్తగారు కనిపించారు. రింగుల డబ్బా రెండు చేతులతో పట్టుకుని, ఇటు తిరగకుండా, సూటిగా ఎదరకే చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం దండెం పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. అక్కడ తగిలించేసి వెళ్లిపోవచ్చు, బావగారి చీటీ పక్కనే.

ఆమె చెయ్యి చాపలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టింది. తాళంచెవిని దాంట్లో చుట్టింది.

ఆ వారంలో మొదటిసారి చిన్నకోడలి జేబులో రెండు చీటీలు పడ్డాయి.